ఇరుగుపొరుగు మాట

బిడ్డలెందరు చాలునన్నది ఆలుమగల సొంత విషయమని మనమందరము చెప్పుచుందుము. కాని యా నిర్ణయమున అత్తగారికిని, తోడికోడలికిని, పొరుగింటి పిన్నిగారికిని గల పాలు తక్కువది కాదు. "మా వదినకు లూపు వేయించిన తరువాత నేమియు కాలేదు" అను నొక్క మాట వైద్యురాలి పది మాటలకు సాటి యగుచుండుట మేమెరుగుదుము.

దక్షిణ కొరియా పల్లెల సంగతి యిందులకు మంచి తార్కాణము. 1960 ప్రాంతమున అచ్చట నొక్కొక్క స్త్రీకి సగటున ఆరుగురు బిడ్డలు. 1968లో పల్లెలయందు తల్లుల సంఘములు వెలసెను. స్త్రీలు కూడి పొదుపు చేసికొనుచు, కాన్పులను గూర్చియు ముచ్చటించుకొనెడివారు. 1973లో 24 పల్లెలలో సుమారు 1,000 మంది స్త్రీల నడిగిచూడగా నొక చిత్రము బయటపడినది. ఒక యూరిలో ఎక్కువగా మాత్రలే వాడుచుండిరి. వేరొక యూరిలో లూపే. ఒక పల్లెలో మాత్రము పురుషులే శస్త్రచికిత్స చేయించుకొనుచుండిరి! మొదటివారు దేనిని చేపట్టిరో, వారి నెరిగినవారును దానినే చేపట్టిరి. రోజర్సు, కిన్‌కెయిడ్ అను పండితులు 1981లో వెలువరించిన గ్రంథమున నీ విషయము విపులముగ చర్చించిరి.

ఆ పురుషుల యూరి ముచ్చట చదివినపుడు మాకు మన యూళ్ళే జ్ఞప్తికి వచ్చినవి. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారే. పురుషుల ఆపరేషను నూటికొకటియైనను లేదు. నిజమునకు పురుషుల చికిత్సయే సులభము. కడుపు కోయనక్కరలేదు, కొలది నిమిషములలో ముగియును, ఆనాడే యింటికి రావచ్చును. పిమ్మట మూడు మాసములు వేరొక జాగ్రత్త పాటించి, పరీక్ష చేయించుకొనవలయును. బలము తగ్గునన్నది వట్టి పుకారు.

అయినను ఇద్దరు బిడ్డల తల్లి యేమనును? "మా యూరిలో నెవరి వారు చేయించుకొన్నారమ్మా, మావారిని నేనడుగుటకు?" ఆమె మాటయందు తప్పు లేదు. చూచినవారు లేరు, చెప్పువారు లేరు. మగవారు అరుగుపై కూర్చుండి పంటలు, ధరలు, ఎన్నికలు గంటలకొలది చర్చింతురు. ఈ సంగతి యెత్తినచో నవ్వి లేచిపోవుదురు. కొరియాలోని యా పల్లెలో మాత్రమెవరో యొకడు తన తోడివానికి చెప్పియే యుండును.