శిక్షణ పత్రం వేరు, సర్టిఫికేషన్ వేరు

అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చదివిన యువకుడు ఇంటికి తెచ్చే రంగుల కాగితాన్ని మన తల్లిదండ్రులలో చాలామంది ఉద్యోగార్హతగా భావిస్తున్నారు. అతడు తరగతులకు హాజరయ్యాడని తప్ప ఆ కాగితం మరేమీ చెప్పదు. సిస్కో, మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీలు తామే పరీక్ష పెట్టి, నెగ్గినవారికి ఇచ్చేది సర్టిఫికేషన్. నగలు కుదువపెట్టి ఫీజు కట్టే కుటుంబాలకు ఈ తేడా ముందే తెలియాలి.

నెట్‌వర్క్ రంగాన్నే తీసుకుందాం. గల్ఫ్‌కు వెళ్ళదలచిన మన యువకులు తరచూ అడిగేది దీని గురించే. నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే సిస్కో సర్టిఫికేషన్లలో ముఖ్యమైన మెట్లు మూడు. సీసీఎన్ఏకు ఒకే పరీక్ష, రెండు గంటలు. స్విచ్‌లను, రౌటర్లను అమర్చడం, ఐపీ చిరునామాల లెక్క తెలుసునని అది చెబుతుంది. సీసీఎన్‌పీకి రెండు పరీక్షలు. పెద్ద నెట్‌వర్క్‌లో తలెత్తే చిక్కులను విప్పగల స్థాయి అది. 1993 నుంచి ఉన్న సీసీఐఈ అన్నిటికన్నా పైది. ఒక పరీక్ష నెగ్గాక ఎనిమిది గంటల ప్రయోగ పరీక్షకు కూర్చోవాలి. మూడింటి గడువూ మూడేళ్ళే, ఆలోగా పునరుద్ధరించుకోవాలి.

2020 నుంచి సీసీఎన్ఏ లేకుండానే సీసీఎన్‌పీ రాయవచ్చు. దీన్ని చూపి, మొదటి మెట్టు దండగని నమ్మబలికి, ఎక్కువ ఫీజున్న కోర్సులో చేర్చుకునే సంస్థలున్నాయి. నియమం అనుమతిస్తే పునాది దానంతటదే పడదు. ఒక్కరోజైనా పని చేయని కుర్రవాడి చేతిలో సీసీఎన్‌పీ చూస్తే ఇంటర్వ్యూ చేసేవారికి అనుమానమే కలుగుతుంది. పైగా దొంగిలించిన ప్రశ్నలను ‘డంప్స్’ పేరిట అమ్మేవారు కూడా ఉన్నారు. వాటితో నెగ్గినట్లు తేలితే సర్టిఫికేషనే రద్దవుతుంది.

మన ఇళ్ళలో మరో చిక్కు ఉంది. నమోదులో ఇచ్చిన పేరూ గుర్తింపు కార్డుపై పేరూ ఒకటి కాకుంటే పరీక్షకు కూర్చోనివ్వరు, కట్టిన ఫీజూ పోతుంది. నియమం అందరికీ ఒకటే. కానీ పదవ తరగతి మెమోలో ‘ఎం.డి.’, ఆధార్‌లో ‘మొహమ్మద్’, పాస్‌పోర్టులో ‘ముహమ్మద్’ అని ఉండేది మన పిల్లలకే. ఆడపిల్లలకైతే ఒకచోట ‘బేగం’ ఉంటుంది, మరొకచోట ఉండదు. పాస్‌పోర్టులో ఉన్నట్లే, అక్షరం తేడా లేకుండా నమోదు చేసుకుని, ఆ పాస్‌పోర్టునే వెంట తీసుకువెళ్ళాలి.

ఇక పరీక్ష ఫీజు. సీసీఎన్ఏకు 300 డాలర్లు, పన్ను అదనం. తప్పితే మళ్ళీ మొత్తం కట్టవలసిందే. పంక్చర్ దుకాణం నడిపే తండ్రికి ఇది చిన్న మొత్తం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల మైనారిటీ ఆర్థిక సంస్థలను అందుకే అడుగుతున్నాము: ఐటీ శిక్షణ పథకాలలో పరీక్ష ఫీజును చేర్చండి. ఎందరికి శిక్షణ ఇచ్చారో చెప్పి ఊరుకోకుండా, వారిలో ఎందరు ఏ మెట్టు నెగ్గారో ఏటా ప్రకటించండి. శిక్షణ సంస్థకు ఇవ్వవలసిన సొమ్ములో కొంత ఆ ఫలితం వచ్చాకే విడుదల చేయండి. ఇది మన పేరిట ఖర్చయ్యే ప్రజాధనం; లెక్క అడిగే హక్కు మనకుంది.

ఆ మార్పు వచ్చేలోగా, కోర్సుకు డబ్బు కట్టబోయే ప్రతి తల్లీ తండ్రీ పరీక్ష ఫీజు ఇందులో ఉందా, ఉంటే ఏ పరీక్షకు అని అడగాలి. ఆ జవాబును రసీదు మీద రాయించుకోవాలి.