తెలుగు బటన్ ఉంటే సరిపోతుందా? బహుభాషా వెబ్‌సైట్ల విషయంలో రైతులు గమనించాల్సినవి

సింహాద్రిపురం మండలంలో నల్లరేగడి పొలంలో శనగ వేశారనుకోండి. కోసిన పంటను పొలంలోనే ఆరబెట్టారు. ఆ రాత్రి అకాల వర్షం కురిసింది. ఫసల్ బీమా కింద నమోదై ఉంటే ఇలాంటి నష్టాన్ని 72 గంటల్లోపు తెలియజేయాలి. వెంటనే ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచి తెలుగు బటన్ నొక్కుతారు. పై మెనూ తెలుగులోకి మారుతుంది. లోపలి షరతులు, నింపాల్సిన ఫారం ఇంగ్లిషులోనే ఉంటే ఏం చేస్తారు? భాష అర్థం కాలేదని గడువు ఆగదు.

కొన్నేళ్లుగా రైతుకు సొంత భాషలో సమాచారం ఇచ్చే ఏర్పాట్లు పెరిగాయి. కిసాన్ కాల్ సెంటర్ 2004లో మొదలైంది. ఈ-నామ్ మార్కెట్ వేదిక 2016 ఏప్రిల్ 14న వచ్చింది. యంత్ర అనువాదం కోసం కేంద్రం 2022 జులైలో భాషిణిని ప్రారంభించింది. పీఎం కిసాన్ సందేహాలకు జవాబిచ్చే కిసాన్ ఈ-మిత్ర 2023 సెప్టెంబరులో వచ్చింది. మన రాష్ట్రంలో 2025 జనవరి 30 నుంచి మన మిత్ర వాట్సాప్ సేవ నడుస్తోంది. ఇవన్నీ మంచివే. అయితే ఒక వెబ్‌సైట్ ఎన్ని భాషల్లో ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు. మొదటి పేజీ నుంచి చివరి రసీదు వరకు మీ పని మీ భాషలో పూర్తవుతోందా అన్నది చూడాలి.

పంట పేర్లతో జాగ్రత్త

మన దగ్గర చీనీ అంటే కోస్తాలో బత్తాయి, ఢిల్లీ వ్యాపారికి మోసంబి. హిందీలో చీనీ అంటే పంచదార. తెలుగు పేజీని యంత్రానికి వదిలేసి ఎవరూ సరిచూడకపోతే చీనీ తోట కాస్తా చక్కెర సరుకుగా మారిపోవచ్చు. ఇంగ్లిషులో గ్రామ్ అంటే బరువూ అవుతుంది, పప్పుధాన్యమూ అవుతుంది. శనగ వేరు, వేరుశనగ వేరు. బీమాలో, పంట నమోదులో ఈ రెండూ తారుమారైతే నష్టపోయేది రైతే. అందుకే మంచి వెబ్‌సైట్‌కు ముందుగా పంటల పేర్ల పట్టిక ఉండాలి. అందులో స్థానిక పేర్లు కూడా చేర్చాలి.

కొలతలు అనువాదం కావు

ఇంగ్లిషు సిఫారసులు చాలావరకు హెక్టారు లెక్కన ఉంటాయి. మనం ఎకరాలు, సెంట్లలో లెక్కపెడతాం. ఒక హెక్టారు అంటే దాదాపు 2.47 ఎకరాలు. అనువాదంలో మాటలు తెలుగులోకి వస్తాయి గానీ అంకెలు అలాగే ఉండిపోతాయి. హెక్టారు మోతాదును ఎకరాకు వాడితే మందు రెండున్నర రెట్లు పడుతుంది. డబ్బు దండగ, పంటకూ ముప్పు. తెలుగు పేజీలో మోతాదు కనిపిస్తే అది ఎకరాకా, హెక్టారుకా, లీటరు నీటికా అని చూడండి. డబ్బాపై ఉన్న లేబుల్‌తో సరిపోల్చిన తర్వాతే పిచికారీ చేయండి.

వెతికినా దొరకని తెలుగు

పాత తెలుగు పత్రాలు చాలావరకు అను వంటి డీటీపీ ఫాంట్లలో తయారయ్యాయి, లేదా స్కాన్ చేసిన బొమ్మలుగా ఉన్నాయి. కంటికి తెలుగే కనిపిస్తుంది గానీ కంప్యూటర్‌కు అది తెలుగు కాదు. అందుకే గూగుల్‌లో వెతికినా ఆ పత్రం దొరకదు, ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగుకు ఈ ఇబ్బంది లేదు.

మీ రైతు సంఘం వెబ్‌సైట్ పెట్టుకుంటే

అరటి, చీనీ నేరుగా అమ్ముకోవడానికి మీ ఉత్పత్తిదారుల సంఘం వెబ్‌సైట్ తయారు చేయించుకోవాలనుకుంటే ఈ అంశాలు ముందే ఒప్పందంలో రాయించుకోండి.

– ప్రతి భాషలోని ప్రతి పేజీకి విడి చిరునామా ఉండాలి. ఏ పేజీ ఏ భాషలో ఉందో సెర్చ్ ఇంజిన్‌కు తెలిసేలా గుర్తులు పెట్టాలి.
– భాష మారిస్తే అదే పేజీ ఆ భాషలో తెరుచుకోవాలి, మొదటి పేజీకి వెళ్లిపోకూడదు.
– ధర, టన్నులు, కోత తేదీ, ఫోన్ నంబర్ ఒకేచోట నమోదు చేస్తే అన్ని భాషల్లోనూ మారాలి. ఒక్కో భాషలో విడిగా టైపు చేస్తే ఎక్కడో ఒకచోట పాత ధర ఉండిపోతుంది.
– మాటలను బొమ్మల్లో పెట్టకూడదు.
– ప్రతి పేజీలో చివరిగా మార్చిన తేదీ ఉండాలి.

మొదట్లోనే పెద్దగా పోవద్దు. ఐదు పేజీలను తెలుగు, హిందీ, ఇంగ్లిషు మూడు భాషల్లో పెట్టినా 15 పేజీలు చూసుకోవాలి. రైతు సభ్యులకు కావాల్సిన పేజీలు తెలుగులో, కొనుగోలుదారు చూసేవి మూడు భాషల్లో ఉంటే చాలు. హిందీ పేజీని ఆ భాష బాగా తెలిసినవారితో ఒకసారి చదివించాకే విడుదల చేయండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది

గడువు, మొత్తం, మోతాదు ఈ మూడింటినీ తెలుగు పేజీలోనూ ఇంగ్లిషు పేజీలోనూ పోల్చి చూసుకోండి. తేడా కనిపిస్తే ఊహించుకుని ముందుకు వెళ్లకుండా రైతు సేవా కేంద్రంలో అడగండి. సాగు సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, పంటల బీమాకు 14447 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. ఆధార్, బ్యాంకు వివరాలు ఇచ్చే ముందు వెబ్‌సైట్ చిరునామా గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తోందో లేదో చూడండి. చక్కటి తెలుగులో ఉన్నంత మాత్రాన అది ప్రభుత్వ వెబ్‌సైట్ అయిపోదు.

తెలుగు పేజీలో తప్పు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి అభిప్రాయాల విభాగానికి పంపండి. చీనీ అంటే ఏమిటో వెబ్‌సైట్ తయారుచేసేవారికి తెలియకపోవచ్చు. దాన్ని పండించే మీకు తెలుసు.