పెరటి ముచ్చట్లు: బెల్లం నీళ్ళు వద్దమ్మా!

కిందటి సంచికలో గోంగూర గురించి, దొండపాదు గురించి చెప్పుకున్నాం. ఈసారి కూరకీ పచ్చడికీ పనికిరాని ముచ్చట. ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే న్యూజెర్సీలోని మా ఇంట్లో అందరి కళ్ళూ వంటింటి కిటికీ మీదే. హమ్మింగ్ బర్డ్ వచ్చే వేళ అది!

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో గూడు కట్టుకునే హమ్మింగ్ బర్డ్ ఒకే ఒక్క రకం, రూబీ త్రోటెడ్. మగపిట్ట గొంతు ఎండ పడితే కెంపులా మెరుస్తుంది. బరువు సుమారు 3 గ్రాములు, అంటే పెన్నీ నాణెం కంటే కాస్త ఎక్కువ. చలికాలమంతా మధ్య అమెరికా దేశాల్లో గడిపి, వసంతంలో తిరిగొస్తుంది. దారిలో చాలా పిట్టలు గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా ఎక్కడా వాలకుండా 800 కిలోమీటర్లు ఎగిరి వస్తాయి. అంత దూరం నుంచి వచ్చిన చుట్టానికి మర్యాద చెయ్యకపోతే ఎలా?

మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ, "ఇది మన తేనెపిట్టే కదరా!" అంది. చూపుకి అలాగే ఉన్నా రెండూ వేరే కుటుంబాలు. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది. ఇది గాల్లో నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

ఫీడర్‌లో పోసే పానకం చాలా తేలిక. ఒక కప్పు తెల్ల పంచదార, నాలుగు కప్పుల నీళ్ళు. కరిగించి చల్లార్చి పొయ్యడమే. "పంచదారెందుకు, బెల్లం నీళ్ళు పెట్టు, బలం" అని అమ్మ సలహా. బెల్లం మనకి బలమే గానీ, అందులోని ఇనుము ఆ పిట్టకి చేటు. తేనె వద్దు, ఎర్రరంగు అసలు వద్దు. ఫీడర్‌కి ఉన్న ఎరుపు చాలు.

ఇక నా తప్పు చెప్పాలి. ఒక జులైలో పది రోజులు ఊరెళ్ళాం. ఫీడర్ నిండా పానకం పోసి, ఘనకార్యం చేశాననుకున్నాను. తిరిగొచ్చేసరికి ఎండకి పానకం మురిగి, అంచుల చుట్టూ నల్లగా బూజు. రోజూ వచ్చే మగపిట్ట మళ్ళీ కనబడలేదు. "నాన్నా, మనం పెట్టింది తాగి దానికి జబ్బు చేసిందా?" అని అడిగింది మా అమ్మాయి. ఏం చెప్పను? ఆ వేసవంతా ఆ ప్రశ్న వంటింటి కిటికీ దగ్గరే ఉండిపోయింది.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఫీడర్ బాధ్యత అమ్మాయిదే. ఎండల్లో రెండు రోజులకోసారి పానకం మార్చి, వేడినీళ్ళతో, బ్రష్‌తో కడుగుతుంది. ఊరెళితే ఫీడర్ దించేస్తాం. మరి పిట్ట పస్తు ఉంటుందా? ఉండదు, పూలున్నాయిగా! ఎండ తగిలే చోట బీ బామ్, తడి నేలలో కార్డినల్ ఫ్లవర్, కంచె మీద కోరల్ హనీసకిల్ తీగ పెట్టాం. అన్నీ గొట్టాల్లాంటి ఎర్రపూలే, ఈ నేలలో పుట్టినవే. మనం ఊళ్ళో ఉన్నా లేకపోయినా వాటి తేనె మురగదు.

ఇంకో మాట. చిక్కుడుపాదుకి పేనుబంక పట్టిందని పురుగుమందు కొట్టకండి. ఈ పిట్టలు పిల్లలకి చిన్న చిన్న పురుగులు కూడా పెడతాయి. నేను మాత్రం గొట్టంతో నీళ్ళు గట్టిగా చిమ్మి పేనుబంకను వదిలిస్తాను.

మరుసటి మే నెలలో ఒక ఉదయం అమ్మాయి కేక పెట్టింది. హనీసకిల్ దగ్గర ఒక మగపిట్ట! "అదేనా నాన్నా?" అంది. అదో కాదో చెప్పలేను. కానీ ఆ రోజు స్కూలు బస్సు తప్పిపోయినా నేనేమీ అనలేదు.

పిల్లలూ! ఈ వేసవిలో మీ పెరట్లో పిట్ట మొదట ఏ పూవు దగ్గరికి వచ్చిందో, ఎన్ని గంటలకి వచ్చిందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. వచ్చే సంచికలో కలుద్దాం.