శిఖరం ఎవరి భుజాల మీద?

కిలిమంజారో ఎక్కబోయేవాళ్ల జాబితాలో బూట్లు, జాకెట్టు, మాత్రలు అన్నీ ఉంటాయి. బరువు మోసే మనిషి మాత్రం ఉండడు! 5,895 మీటర్ల ఆ కొండకి రోజుల తరబడి గుడారాలు, తిండి మోసేది అక్కడి కూలీలే. తలకి 20 కిలోలు మించకూడదని నియమం. మూట తూకం వేస్తారు సరే, కూలి ఎంతని మనలో ఎవరం అడిగాం?

1889లో హన్స్ మేయర్, పుర్ట్‌షెల్లర్ల పేర్లు చరిత్రకెక్కాయి. వాళ్ల మూటలు మోసిన ఆఫ్రికన్లెవరు? డోలీ మోసి భుజాలు కాయలు కాసిన మన కొండజనానికి ఈ ప్రశ్న కొత్త కాదు.

మన పిల్లలూ శిఖరాలెక్కుతున్నారు. గర్వమే. కాళ్లకి సాధన చేయించే గురువుల్లారా, నోటికీ నేర్పండి: కూలీకి బూట్లున్నాయా? కూలి పూర్తిగా అందుతుందా? అడగకుండా ఎగరేసే జెండా, ఇంకొకరి వీపు మీద పాతినదే.