తలలో నీరు, ముక్కులో పొగ

ముఖం ఎముకల లోపల నాలుగు జతల గాలిగదులు ఉంటాయి. చెక్కిళ్ళ వెనక ఒక జత, నుదుటిలో ఒక జత, రెండు కళ్ళ మధ్య తేనెపట్టులాంటి చిన్న అరల గుంపులు రెండు, ఇంకా లోతున పుర్రె అడుగు భాగంలో మరో జత. వీటినే సైనస్‌లు అంటారు. ఈ గదుల గోడలకున్న తడి పొర రోజంతా శ్లేష్మాన్ని ఊరిస్తూ ఉంటుంది. పొర మీది సన్నని నూగు ఆ శ్లేష్మాన్ని ఇరుకైన ద్వారాల గుండా ముక్కులోకి నెడుతుంది. చెక్కిలి గది ద్వారం అడుగున కాక పైభాగాన ఉంటుంది కాబట్టి అక్కడి శ్లేష్మం పైకి ఎక్కి బయటపడాలి. జలుబు చేసి పొర వాచినప్పుడు ఈ ద్వారాలు మూసుకుపోతాయి. ముక్కు దిబ్బడ, ముఖం బరువు, ముందుకు వంగితే పెరిగే నొప్పి అలా మొదలవుతాయి.

ఇళ్ళలో చెప్పుకునే కారణం వేరు. తలలో నీరు చేరిందంటారు. తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకోకపోయినా, మంచులో తిరిగినా, రాత్రిపూట పెరుగు తిన్నా ఆ నీరు దిగుతుందని నమ్మకం. చిట్కాల్లో చాలావాటికి ఈ ఊహే పునాది. ఆవిరి ఆ నీటిని కరిగిస్తుందట, పొగ ఆరబెడుతుందట, శొంఠి పట్టు పీల్చేస్తుందట, ఆకుపసరు బయటకు తోసేస్తుందట. పునాదిలోనే లోపం ఉంది. మాడు మీది తడి పుర్రె ఎముకను దాటి లోపలికి పోయే దారి లేదు. గదుల్లో నిలిచేది బయటి నుంచి వచ్చిన నీరు కాదు, అక్కడే ఊరి దారి దొరకక ఆగిపోయిన శ్లేష్మం.

పెరుగు మాటా అంతే. పాలు తాగితే కఫం పెరుగుతుందా అన్న ప్రశ్నను 1990లో ఆస్ట్రేలియా పరిశోధకులు నేరుగా పరీక్షించారు. 60 మందికి జలుబు వైరస్ ఎక్కించి, వాళ్ళు తాగిన పాలనూ చీదిన శ్లేష్మం బరువునూ రోజూ లెక్కగట్టారు. రెంటికీ సంబంధం కనిపించలేదు. పాలు లాలాజలంతో కలిసి గొంతులో చిక్కగా తగులుతాయి, జనం దాన్నే కఫం అనుకుంటారు. జలుబు చేసిన పిల్లవాడికి పెరుగన్నం మాన్పించడం వల్ల వాడికి తిండి తగ్గడమే తప్ప ఒరిగేది లేదు.

కారణం తప్పయినా చిట్కా పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుంది? జలుబుతో పాటు వచ్చే సైనస్ వాపు దాదాపు ఎప్పుడూ వైరస్ వల్లనే. దాని మీద బాక్టీరియా చేరేది నూటికి ఒకటి రెండు సందర్భాల్లో మాత్రమే. వైరస్ వాపు వారం పది రోజుల్లో దానంతట అదే తీస్తుంది. మనిషి చిట్కా కోసం వెతికేది బాధ ముదిరిన మూడో రోజో నాలుగో రోజో. ఆ తర్వాత ఎలాగూ తగ్గుముఖమే. పేరు మాత్రం ఆ రోజు వాడిన దానికి వస్తుంది. మిరియాల కషాయం తాగినవారూ తాయెత్తు కట్టించుకున్నవారూ ఇంచుమించు ఒకే సమయానికి కోలుకుంటారు, కానీ ఎవరి సాక్ష్యం వారిదే. ఏమీ చేయకుండా తగ్గినవారు ఆ సంగతి ఎవరికీ చెప్పరు.

చిట్కాల్లో పెద్దపీట ఆవిరిది. పసుపో, నీలగిరి తైలమో, వావిలాకో వేసి మరిగించిన నీళ్ళ మీద దుప్పటి కప్పుకుని పీల్చడం తెలుగు ఇళ్ళన్నిటికీ తెలుసు. తేమ తగిలి ఎండిన చీమిడి మెత్తబడుతుంది, ఆ కాసేపు హాయిగానే ఉంటుంది. ముక్కు వరకూ వచ్చిన వేడిగాలి మూసుకున్న ద్వారాలను దాటి గదుల్లోకి పోదు. ఇంగ్లండులో తరచూ సైనస్ బాధపడే 871 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆవిరి పట్టినవారికి తలనొప్పి కొంత తగ్గింది, మిగతా లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ కాస్త లాభానికి ఎదురుగా ఉన్న ప్రమాదం చిన్నది కాదు. మరిగే గిన్నె ఒలికి పొట్టా తొడలూ కాలేది ఎక్కువగా పిల్లలకే. పసిపిల్లను దుప్పటి కింద కూర్చోబెట్టి ఆవిరి పట్టించడాన్ని వైద్యం అనకూడదు.

బామ్‌ల కథ మరింత ఆసక్తికరం. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆయన పెట్టిన ఆంధ్రపత్రిక నడిచింది ఆ వ్యాపారం అండతోనే. తెలుగు పత్రికారంగం తలనొప్పికి అంతగా రుణపడి ఉందన్నమాట. ఇలాంటి బామ్‌లలోని మెంథాల్, చల్లదనాన్ని పసిగట్టే నాడుల గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. ఆ గ్రాహకాన్ని శాస్త్రవేత్తలు 2002లో గుర్తించారు. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో మెంథాల్ పీల్చినవారి ముక్కులోని గాలి ప్రవాహాన్ని పరికరాలతో కొలిస్తే మార్పేమీ లేదు. ముక్కు తెరుచుకుందని మాత్రం వాళ్ళు నమ్మకంగా చెప్పారు. వేడి వేడి పానీయాల మీద అక్కడే 2008లో చేసిన పరీక్షలోనూ ఇదే తేలింది. హాయి కలిగింది, గాలి దారి మారలేదు. అల్లం టీకీ మిరియాల చారుకీ ఇంతకు మించిన గొప్ప అంటగట్టనక్కర్లేదు. హాయి కోసం తాగేవారికి అభ్యంతరం చెప్పనూ అక్కర్లేదు.

కర్పూరం విషయంలో ఈ ఉదారత పనికిరాదు. అది కడుపులోకి పోతే పసిపిల్లలకు మూర్ఛలు వస్తాయి. కర్పూరం ఉన్న బామ్‌లను రెండేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదు. 2021 వేసవిలో కోవిడ్ ముమ్మరంగా ఉన్నప్పుడు, కర్పూరం, లవంగాలు, వాము మూటకట్టి పీలిస్తే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందన్న సందేశం వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. పెరిగింది వాసన మాత్రమే. ఆక్సిజన్ పడిపోతున్న మనిషికి ముక్కు కాస్త తెరిపినపడ్డట్టు అనిపించడం ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు.

పసుపు కొమ్మును దీపం మీద కాల్చి ఆ పొగ పీల్చడం మరో ఆచారం. పసుపులోని కర్క్యుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలల్లో చూసినమాట నిజమే. దాన్ని కాల్చితే వచ్చేది అన్ని పొగల్లాంటి పొగే: మసి, కార్బన్ మోనాక్సైడ్, కళ్ళు మండించే రసాయనాలు. శ్లేష్మాన్ని నెట్టవలసిన నూగును పొగ దెబ్బతీస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి అందకుండానూ చేస్తుంది. మందు పేరుతో జరిగేది రోగానికి సాయం.

తుమ్మి ఆకు రసం ముక్కులో పిండడం ఇంతకన్నా మోటు పద్ధతి. చుక్కలు పడగానే ముక్కు మండుతుంది, కళ్ళ వెంట నీళ్ళు, తుమ్ములు, ధారగా రొంప. చుట్టూ ఉన్నవారు ‘చెడునీరంతా పోయింది’ అంటారు. ఆ నీరు అంతకుముందు లోపల లేదు. ఘాటు తగిలిన పొర దాన్ని కడిగేసుకోవడానికి అప్పటికప్పుడు ఊరించిన నీరది. ఏ జబ్బూ లేని మనిషి ముక్కులో పిండినా అంతే కారుతుంది. ఈ చిన్న పరీక్ష చేయడానికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు, అయినా తరతరాలుగా ఎవరూ చేసినట్టు లేదు. శుభ్రం చేయని పసరుతో క్రిములు కూడా లోపలికి పోతాయి. నుదుటికి వేసే శొంఠి పట్టు చేసేది కూడా ఒక మంటతో మరో నొప్పిని మరిపించడమే. శొంఠికి బదులు సున్నం పెడితే చర్మం పొక్కుతుంది.

సంప్రదాయంలోంచి వచ్చి పరీక్షకు నిలబడింది ఒకటుంది: జలనేతి, అంటే నీటితో ముక్కు కడుక్కోవడం. హఠయోగ ప్రదీపిక అనే యోగ గ్రంథం చెప్పే షట్కర్మల్లో, అంటే ఆరు శుద్ధి క్రియల్లో, నేతి ఉంది. అక్కడ వర్ణించింది ముక్కులో దారం దూర్చి నోటి నుంచి తీయడాన్ని. ఆధునిక పరీక్షల్లో నెగ్గింది ఉప్పునీటి కడుగుడు. పైన చెప్పిన ఇంగ్లండు పరీక్షలోనే, ఉప్పునీటితో ముక్కు కడుక్కున్నవారికి ఆరు నెలల తర్వాత కూడా కొంత మేలు కనిపించింది. ప్రాచీనం కావడం వల్ల అది నెగ్గలేదు, శ్లేష్మాన్నీ దుమ్మునూ నిజంగా కడిగేస్తుంది కాబట్టి నెగ్గింది. దానికీ షరతులున్నాయి. పావులీటరు నీటికి అర టీస్పూను లోపు ఉప్పు సరిపోతుంది. నీళ్ళు తప్పనిసరిగా మరిగించి చల్లార్చినవై ఉండాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో నేతి చేసిన ఇద్దరు, ఆ నీటిలోని నేగ్లేరియా అనే అమీబా మెదడుకు చేరి చనిపోయారు. బోరునీళ్ళు, చెరువునీళ్ళు సరే, వాటర్ ప్లాంటు నుంచి తెచ్చుకున్న డబ్బానీళ్ళనైనా మరిగించాల్సిందే.

మందుల షాపులో దొరికే ముక్కు చుక్కలు వెంటనే దిబ్బడ విప్పుతాయి. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే ఆ మందే దిబ్బడకు కారణమవుతుంది. దుకాణంలో కొన్నంత మాత్రాన శాస్త్రీయం కాదు.

వీటన్నిటి వెనక మరో పెద్ద పొరపాటు ఉంది. సైనస్ తలనొప్పి అనుకునేది చాలామందిలో సైనస్‌ది కానే కాదు. అమెరికాలో తమకు సైనస్ తలనొప్పి ఉందని చెప్పిన, లేదా వైద్యులు అలా నిర్ధారించిన 2,991 మందిని పరిశీలించిన అధ్యయనం 2004లో వచ్చింది. అందులో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్‌వి, అంటే పార్శ్వనొప్పివి. ముఖానికి స్పర్శనిచ్చే నాడి మైగ్రేన్‌లో రేగినప్పుడు ముక్కు దిబ్బడవేయడం, కళ్ళు కారడం, చెక్కిళ్ళు బరువెక్కడం మామూలే. వాతావరణం మారితే సైనస్ బాధా మైగ్రేనూ రెండూ వస్తాయి. అందుకే ఏళ్ళతరబడి తలస్నానానికి భయపడుతూ, ఆవిరి పడుతూ, తోచినప్పుడల్లా నొప్పి బిళ్ళలు మింగేవారు ఉంటారు. నెలలో సగం రోజులు బిళ్ళలు వేసుకుంటే అవే కొత్త తలనొప్పిని తెస్తాయి. నొప్పితో పాటు వికారం, వెలుతురు పడకపోవడం ఉండి, జ్వరం, చిక్కని పచ్చని చీమిడి లేకపోతే ముందు మైగ్రేన్‌నే అనుమానించాలి. ఒకవైపే కంపుకొట్టే చీమిడి కారుతుంటే పైదవడ పన్ను చూపించుకోవాలి, దాని వేర్లు చెక్కిలి గదికి ఆనుకునే ఉంటాయి.

పది రోజులు దాటినా తగ్గని బాధ, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టిన జ్వరం, కన్ను చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం, మెడ బిగుసుకోవడం చిట్కాల పరిధిలోవి కావు. 2021లో కోవిడ్ వెంట దేశంలో 40 వేలకు పైగా నమోదైన బ్లాక్ ఫంగస్ (బూజు సోకే జబ్బు) కేసుల్లో చాలావరకు ముక్కు దిబ్బడ, చెక్కిలి నొప్పితోనే మొదలయ్యాయి. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి ఆ రోగులు బారులు తీరారు. దానికి చికిత్స శస్త్రచికిత్స, ఆంఫోటెరిసిన్ మందు. మధుమేహం ఉన్నవారికి ముఖం ఒకవైపు మొద్దుబారినా, ముక్కులోంచి నల్లని స్రావం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.