ఒక హృదయము, రెండు నమస్కారములు

జపాను దేశములో నైరుతి దిక్కున, క్యూషూ దీవి ప్రక్కన, అమకుస దీవులున్నవి. అందులో సకిత్సు అనే బెస్తపల్లె ఒకటి. సముద్రపు ఒడ్డున దగ్గర దగ్గరగా ఇండ్లు. ఇండ్ల నడుమ ఒక చర్చి. వెనుక కొండవాలున సువా అనే షింటో గుడి. గుడిమెట్ల మీద నిలిచి, ముందున్న రాతిద్వారము గుండా చూచినవారికి చర్చి శిఖరము కనబడుతుంది. చర్చిలోపల బల్లలకు బదులు జపాను ఇండ్లలో వలె చాపలు పరచి ఉంటవి. 1934లో ఈ చర్చిని కట్టినప్పుడు ఒకప్పటి గ్రామాధికారి ఇల్లున్న చోటును కోరి ఎంచుకొన్నారు. నిషేధకాలములో క్రైస్తవులను పట్టుకొనుటకై మరియమ్మ, క్రీస్తు ప్రతిమలను కాలితో త్రొక్కించిన స్థలమది.

జపానులో క్రైస్తవ మతమును దేశమంతటా నిషేధించినది 1614లో. ఆ నిషేధపు పలకలను తొలగించినది 1873లో. ఈ నడుమ రెండువందల ఏబది యేండ్లకు పైగా సకిత్సు వంటి పల్లెలలో క్రైస్తవులు దాగి బ్రతికినారు. లెక్కకు వారును ఊరిగుడి భక్తులే. సువా గుడి ముందు నిలిచి ‘అన్మెన్ రియుసు’ అని గొణుగుకొనేవారట. ఆమెన్ అనే మాటకు, దేవుస్ అనే లాటిన్ దైవనామమునకు ఆ పల్లె నోట కలిగిన రూపమది అని చెబుతారు. 1805లో అధికారులు విచారణ జరుపగా అమకుసలోని నాలుగు ఊళ్ళలో ఐదువేల మందికి పైగా ఇట్టివారని బయటపడినది. అంతమందిని శిక్షించుట కష్టమని తోచెనో యేమో, వీరు తెలియక త్రోవ తప్పినవారని చెప్పి అధికారులు వ్యవహారమును ముగించినారు.

ఆ గుడి ముందు ఆ నమస్కారము ఎవరికి చెందినది? ఈ ప్రశ్నకు మనము సాధారణముగా రెండు సమాధానములు సిద్ధముగా ఉంచుకొంటాము. ఒకటి: అది భయము చేత చేసిన నటన, వారి నిజమైన దేవుడు క్రీస్తు ఒక్కడే. రెండవది: దేవుళ్ళందరు ఒక్కటే గనుక ఎవరికి చేసినా ఒక్కటే. మొదటిది సాధారణముగా విదేశీయులు చెప్పే మాట. రెండవది మనదేశములో నోరు తెరిస్తే వచ్చే మాట. ఈ రెండును తొందరపాటు తీర్పులని నా అభిప్రాయము.

ముందుగా షింటో మాట. ఈ మతమునకు స్థాపకుడు లేడు, బాప్తిస్మము లేదు, ఇది నమ్మితేనే నీవు మావాడవు అనే విశ్వాస ప్రమాణము లేదు. అందులో కొలువబడేవారిని ‘కమి’ అంటారు. దీనికి సరియైన తెలుగుమాట దొరకదు. దేవుడనరాదు, ప్రపంచమును సృష్టించి దానికి ఆవల నిలిచినవాడు కాడు. దయ్యమనరాదు, పూజ్యుడు. దేవత అంటే కొంత దగ్గరగా ఉంటుంది. పదునెనిమిదవ శతాబ్దపు మహాపండితుడు మొతోఒరి నొరినాగ, సామాన్యమునకు మించి మనసులో భయభక్తులు పుట్టించేది ఏదైనా కమియే అని వివరించినాడు. కొండ, ఉరుము, సముద్రము, పెద్ద వృక్షము, నక్క, చనిపోయిన పూర్వుడు, అందరును కమి కావచ్చును. మంచివారే కానక్కరలేదు. ఎనుబది లక్షల కమిలు అని జపానువారనేది లెక్క కాదు, లెక్కలేనితనమును చెప్పే మాట.

క్రైస్తవ మతము ఇందుకు వేరు. ఒక్క దేవుడు; ఆయనకు సాటి లేదు; అన్యదేవతలను కొలువరాదన్నది పది ఆజ్ఞలలో మొదటిది. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ కగొషిమాలో దిగినప్పుడు ఈ ఒక్క దేవుని జపాను భాషలో ఏమని పిలువవలెనో తెలియక, బౌద్ధులు వైరోచన బుద్ధునికి వాడే దైనిచి అనే పేరు తీసుకొన్నాడు. వినేవారు ఇది కూడ ఒక బౌద్ధశాఖయే అనుకొన్నారు. పొరపాటు తెలిసిన పిమ్మట ఆ పేరు విడిచి, తన లాటిన్ మాటయైన దేవుస్‌నే పట్టుకొన్నాడు. సకిత్సు గుడిలో గొణిగిన ఆ మాటలో మిగిలినది ఈ దేవుస్సే. అనువాదమునకు లొంగని ఆ మాట అనువాదమునకు లొంగని కమి ముందు పలుకబడినది. రెండును ఒక్కటే అయినట్లయితే, పట్టుబడితే ప్రాణము పోయే ఆ మాటను అన్ని తరములు దాచి కాపాడవలసిన అవసరమే ఉండేది కాదు గదా!

మరి అది వట్టి నటనయా? నటన అయినట్లయితే, భయము తీరిన నాడు వేషము తీసివేయవలెను. 1865లో నాగసాకిలోని ఔరా చర్చిలో ఉరకామి గ్రామస్థులు కొందరు ఫ్రెంచి గురువు పెతిజాఁ వద్దకు వచ్చి, తామును ఆయన మతము వారమేనని చెప్పుకొన్నారు. ఈ కథ లోకప్రసిద్ధము. నిషేధము తొలగిన పిమ్మట అనేకులు చర్చిలో చేరినారు. అయితే అందరు చేరలేదు. ఇకిత్సుకి దీవిలో, సొతొమె ప్రాంతములో కొన్ని కుటుంబములు చర్చిలో చేరక, తాతలు నేర్పిన ప్రార్థనలనే చదువుకొంటూ వచ్చినవి. ఒరషో అనబడే ఆ ప్రార్థనలలోని లాటిన్ ముక్కలకు అర్థము చదివేవారికే తెలియదు. ఆ ఇండ్లలో లోపలి గదిలో క్రైస్తవపు పటములు, బయట కమిలకు కట్టిన చిన్న మందిరము, ప్రక్కన బుద్ధుని పీఠము ఉండేవి. ఒకప్పుడు కన్ను కప్పుటకు పెట్టినది కావచ్చును. ఏడెనిమిది తరములు దానికి దీపము పెట్టి నమస్కరించిన పిమ్మట అది కప్పు కాదు, ఇంటి దైవమే అయినది. సొతొమెలోని కరెమత్సు గుడి మరియు విచిత్రము. అది షింటో గుడి. అందులోని దైవము సాన్ జివాన్ అనే క్రైస్తవ గురువు! నిషేధకాలములో ఆ కొండ మీద దాగి ప్రార్థనలు నేర్చుకొన్నవారి సంతతి ఆయనను కమిగా నిలుపుకొన్నది. 2000 నుండి అక్కడ చర్చివారు, చర్చిలో చేరనివారు, బౌద్ధులు కలిసి ఉత్సవము జరుపుకొంటున్నారు. కనుక భయము ఒక్కటే కారణమని చెప్పే మొదటి సమాధానము నిలువదు.

అన్నియు ఒక్కటే అనే రెండవ సమాధానమునకు బదులు ఉచిమురా కంజో జీవితములో ఉన్నది. 1861లో పుట్టిన ఈ సమురాయి బిడ్డ చిన్ననాడు కమిలను మనసార కొలిచినవాడు. ఒక్కొక్క దైవమునకు ఒక్కొక్క నియమము. ఒకరికి ప్రీతియైనది మరొకరికి గిట్టదు. గుడి కనబడినప్పుడెల్ల ఆగి ప్రార్థించనిదే అడుగు ముందుకు పడేది కాదు. సప్పొరో వ్యవసాయ కళాశాలలో పై తరగతి విద్యార్థులు క్రైస్తవులైనారు. ఈ క్రొత్త మతమును అణచివేయుమని అతడు అక్కడి గుడికి పోయి మ్రొక్కుకొన్నాడు. చివరకు 1877లో పై తరగతివారి ఒత్తిడికి ఆగలేక, మనసు లేకయే క్రీస్తు విశ్వాసుల ఒడంబడికపై సంతకము చేసినాడు. అయితే ఆ తరువాత కలిగిన సంతోషము మాత్రము అతని సొంతము. దేవుడు ఒక్కడే అని తెలిసిన నాడు వేయి నియమముల బరువు దిగిపోయినదని తానే 1895లో అచ్చయిన తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. అన్నియు ఒక్కటే అని ఇతనితో చెబితే ఏమనేవాడు? అన్నియు ఒక్కటి కాకపోవుటయే అతనికి విముక్తి.

ఈ ఉచిమురా తరువాత ఉపాధ్యాయుడైనాడు. 1890లో జపాను చక్రవర్తి విద్యను గురించి ఒక శాసనపత్రము ప్రకటించినాడు. 1891 జనవరి 9న టోక్యోలోని ప్రథమోన్నత మాధ్యమిక పాఠశాలలో అధ్యాపకులు ఒక్కొక్కరుగా వేదిక యెక్కి, చక్రవర్తి చేవ్రాలు ఉన్న ఆ పత్రము ముందు లోతుగా వంగి నమస్కరించవలసి వచ్చినది. ఉచిమురా జంకినాడు, తల కొద్దిగా వంచి దిగివచ్చినాడు. అంతే. దేశమంతట పత్రికలు రాజద్రోహి అని కేకలు వేసినవి. ఉద్యోగము పోయినది, తాను జబ్బుపడినాడు, కొద్ది నెలలలో భార్య మరణించినది. తన జీవితమంతయు యేసు, జపాను అనే రెండు ప్రేమలకు అంకితమని చెప్పుకొన్నవానికి జరిగిన మర్యాద ఇది. ఒక నమస్కారము లోతు ఎంత ఉండవలెనో కొలబద్దతో కొలిచినవారు దేశభక్తులైనారు. మనస్సాక్షితో కొలుచుకొన్నవాడు ద్రోహి అయినాడు.

ఆ తరువాతి కథ మరింత గమనింపదగినది. 1900లో జపాను ప్రభుత్వము షింటో గుడుల వ్యవహారమునకు ఒక శాఖ, మతముల వ్యవహారమునకు వేరొక శాఖ ఏర్పరచినది. దీని భావమేమి? గుడిలో తల వంచుట మతము కాదు, పౌరధర్మము. కనుక ఏ మతము వాడైనను వంచితీరవలెను. 1932లో టోక్యోలోని కాథలిక్కు విశ్వవిద్యాలయమైన సోఫియాకు చెందిన విద్యార్థులు కొందరు యుద్ధమృతుల గుడియైన యసుకునిలో తల వంచలేదు, సైన్యము ఆగ్రహించినది. 1936లో రోము అధికారులు, ఇవి దేశభక్తిని తెలిపే లౌకికాచారములే గనుక కాథలిక్కులు పాల్గొనవచ్చునని అనుమతి ఇచ్చినారు. 1945 డిసెంబరులో ఆక్రమణ సైన్యపు ఆదేశముతో రాజ్యమునకు షింటోకు గల ముడి తెగినది.

ఇది మతము కాదు, ఆచారమే. ఈ ఒక్క వాక్యము ఎన్ని పనులు చేసినదో చూడుడు! బలవంతము చేసేవారికి ఆయుధమైనది. బలవంతమునకు లొంగినవారికి ఊరటయైనది. కాని అది ఇరువురకును అవమానమే. కొండను చూచి ఒడలు పులకించి నమస్కరించే షింటో భక్తునితో, నీది భక్తి కాదు, పౌరధర్మమని చెప్పుట అతని కమిని కించపరచుట. అట్టి నమస్కారము చేయలేని క్రైస్తవునితో, ఇందులో ఏముంది, తల వంచుము అనుట అతని దేవుని కించపరచుట.

ఈ సంగతి పాతబడిపోయినదనుకోరాదు. ఆత్మరక్షణదళములో పనిచేస్తూ మరణించిన ఒకరిని, క్రైస్తవురాలైన భార్య వద్దన్నను వినక, యమగుచిలోని గుడిలో కమిగా ప్రతిష్ఠించినారు. ఆమె 1973లో న్యాయస్థానమునకు పోయినది. క్రింది న్యాయస్థానములు ఆమె పక్షమే నిలిచినను, 1988 జూన్ 1న సర్వోన్నత న్యాయస్థానము ఆమె వాదమును త్రోసివేసినది. ఆమె విశ్వాసమును ఎవరును అడ్డగించలేదు గనుక, ఇతరుల మతాచరణను ఆమె సహించవలెనన్నది. ఒక న్యాయమూర్తి మాత్రము భిన్నాభిప్రాయము వ్రాసినారు. నా మనసు ఆ ఒక్కరి పక్షమే. సహనము మంచి గుణమే. కాని దానిని ఎల్లప్పుడును ఒంటరిగా నిలిచినవారి వద్దనే అడుగుట న్యాయము కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తాము. క్రీస్తును నమ్మి, ఆదివారము చర్చికి పోయి, ఇంటికి వచ్చి కమి మందిరమునకు కూడ మనసార నమస్కరించే వ్యక్తిని గురించి మనమేమి అనవలెను? మన భాషలో నమస్కారము వేరు, మ్రొక్కు వేరు, శరణాగతి వేరు. పెద్దలకు నమస్కరిస్తాము, దేవతకు మ్రొక్కుకొంటాము, శరణు మాత్రము ఒక్కరినే వేడుతాము. ఆ వ్యక్తి కొండకు నమస్కరించి క్రీస్తును శరణు వేడితే, అందులో వైరుధ్యము లేకపోవచ్చును. ఇద్దరినీ శరణు వేడినట్లయితే వైరుధ్యమున్నది. దానిని మాటలతో మాపరాదు. అట్టివారు చేయవలసినది ఒక్కటే: తమది భక్తియైతే భక్తియనే చెప్పుకొనుట, ఆచారమనే ముసుగు వేసుకొనకుండుట. ఇది మా విశ్వాసమునకు విరుద్ధమని చర్చి చెప్పదలచినట్లయితే, ఆ హక్కు చర్చికి ఉన్నది. చర్చి తలుపు తీసియే ఉంటుంది, ఇష్టము లేనివారు లేచి పోవచ్చును. రాజ్యమునకు మాత్రము ఆ హక్కు లేదు. రాజ్యములో నుండి లేచి పోవుటకు ఎవరికిని తలుపు లేదు గనుక.

ఉపాధ్యాయులకు ఒక మనవి. జపాను చరిత్రలో ఈ ఘట్టము పాఠముగా వచ్చినప్పుడు, ఎవరిది నిజమైన భక్తి అని పిల్లలను అడుగవద్దు. ఆ ప్రశ్నకు వారిలో ఎవరి వద్దను సమాధానము లేదు. మన వద్దను లేదు. ఆ తల ఎవరు వంచమన్నారు, వంచకపోతే ఏమి జరిగేది అని అడుగుడు. సకిత్సు బెస్తవాడు, ఉచిమురా మాస్టారు, యమగుచి వితంతువు, ఈ ముగ్గురి విశ్వాసములు మూడు తీరులు. ముగ్గురికి జరిగిన అన్యాయము మాత్రము ఒక్కటే. పిల్లలు ఆ ఒక్కటి గుర్తించగలిగితే ఆనాటి పాఠము ముగిసినట్లే.