నేలకు పట్టిన విషం

మట్టి ప్రాణంలేని పదార్థమని పలువురు భావిస్తారు. కాని పిడికెడు సారవంతమైన మట్టిలో కోట్లాది సూక్ష్మజీవులు నివసిస్తాయి. రాలిన ఆకులను ఎరువుగా మార్చేవి అవే. కంది, పెసర వంటి పైర్ల వేరు బుడిపెలలో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించేవీ అవే. అటువంటి నేలపై పరిశ్రమల వ్యర్థాలను కుమ్మరించడమంటే విత్తక ముందే పంటను చంపడం.

ఇందుకు సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు నిదర్శనం. మెట్ట ప్రాంతపు పంటల పరిశోధనకై 1972లో ఇక్రిశాట్ సంస్థ అక్కడ వెలసింది. ఆ దశకంలోనే ఆ ప్రాంతం పారిశ్రామికవాడగానూ రూపొందింది. ఒకవైపు పైరును బ్రతికించే విద్య, మరొకవైపు పైరును మాడ్చే వ్యర్థం! ఔషధ, రసాయన పరిశ్రమల మురుగునీరు నక్కవాగులో కలిసి మంజీర వైపు సాగింది. ఆ వాగునే నమ్ముకొన్న రైతుల పంటలు దెబ్బతిన్నాయి. 1990లో ఈ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. రైతులకు నష్టపరిహారం చెల్లించవలసిందిగా న్యాయస్థానం ఆదేశించింది.

వ్యర్థాలు మొక్కను పలు విధాల పీడిస్తాయి. లవణాలు మట్టిలో పేరుకొంటే, చుట్టూ తేమ ఉన్నా వేరు దానిని పీల్చుకోలేదు. కాడ్మియం వేరు ఎదుగుదలను అరికడుతుంది. ఆకులలో పత్రహరితం క్షీణించి పైరు పాలిపోతుంది. ఆర్సెనిక్ మరింత మాయలమారి. భాస్వరాన్ని పోలిన రూపంతో, భాస్వరం ప్రవేశించే దారిలోనే మొక్కలోకి చొరబడుతుంది.

ఎండిన పైరు కంటే పచ్చగా కనిపించే పైరే ఒక్కొక్కప్పుడు ఎక్కువ ప్రమాదకరం. జపాన్‌లో గనుల నుండి జింజూ నదిలోకి చేరిన కాడ్మియం వరి పొలాలకు ప్రాకింది. ఆ బియ్యం తిన్నవారి ఎముకలు పెళుసుబారి విరిగిపోయాయి. కాలుష్యమే ఈ వ్యాధికి కారణమని 1968లో ఆ దేశ ప్రభుత్వం అంగీకరించింది.

పరిశ్రమలు లేనిదే ఉపాధి లేదని కొందరు వాదిస్తారు. పరిశ్రమలు వద్దని ఎవరూ అనరు. కాని లాభం యజమానికి, నష్టం పొరుగు రైతుకు అనే పంపకం న్యాయం కాదు. వ్యర్థాన్ని శుద్ధిచేసే ఖర్చు కూడా ఉత్పత్తి వ్యయంలో భాగమే. దానిని ఎగవేసి గడించినది లాభం కాదు, రైతుకు పడిన బాకీ.

పరిహారపు సొమ్ము ఒక పంట నష్టాన్ని తీర్చవచ్చు. నేలను మాత్రం తిరిగి ఇవ్వలేదు. భారలోహాలు ఆకుల వలె కుళ్ళిపోవు, తరాల తరబడి మట్టిలోనే నిలుస్తాయి. మనదేశంలో నీటి కాలుష్యంపై 1974లో, గాలి కాలుష్యంపై 1981లో చట్టాలు వచ్చాయి. కలుషిత స్థలాలను గుర్తించి బాగుచేయించే ప్రత్యేక నియమాలు మాత్రం 2025లో గాని రాలేదు. ఆలస్యంగా వచ్చిన ఆ నియమాలైనా కాగితాలకే పరిమితం కారాదు. నేల చెడిన తరువాత చికిత్స వెదకడం కంటే, విషపు చుక్క గొట్టం దాటక ముందే ఆపడం వివేకం. రైతు తన పొలం పాడైందని నిరూపించుకోవడం కాదు, పరిశ్రమ తన వ్యర్థం హానికరం కాదని నిరూపించుకోవాలి. అన్నం పెట్టే నేలకు మనం చేయగల కనీస న్యాయం అదే.